గాదెలో దాచిన సీసా

పడవల ఆసామి పోయాడన్న కబురు కాలవ మీదే వచ్చింది. లాకు గుమాస్తా ఉద్యోగం మానుకున్నాక కూడా నేను ఆ లాకు పక్కనే ఇల్లు కట్టుకుని ఉంటున్నాను కాబట్టి, ధవళేశ్వరానికీ కాకినాడకీ మధ్య ఏ కబురు పుట్టినా ముందు నా అరుగు మీదికే వస్తుంది. బియ్యం బస్తాలతో దిగువకు పోతున్న పడవ ఒకటి, నీటిమట్టం సరిచేసి లాకు తలుపులు తెరుస్తారని ఆగింది. దాని మీది మనిషి గెడ చంకలో పెట్టుకుని నన్ను కేకేశాడు.

"గుమాస్తా గారండీ! పెద్దాసామి పోయారండి. పొద్దున్నే అండి."

"ఎలా పోయాడయ్యా?"

"నిద్దట్లోనే అండి. మారాజు. అంత ఓపికున్న మనిషి ఈ కాలవల మీద ఇంక పుట్టడండి."

పాపం, వాడు మంచి మాటే అన్నాడు. నాకే అది రుచించలేదు. పడవ దాటిపోయాక కూడా అక్కడే కూర్చున్నాను. చూడడానికి వెళ్ళాలని మా ఇంట్లోవాళ్ళు అన్నారు. వెళ్ళలేదు. ఆ మనిషి ఓపిక ఎలాంటిదో నాకు తెలుసు.

ఆయన్ని తలుచుకుంటే ముందు కనపడేది ముక్కు. పెద్ద ముక్కేమీ కాదు గాని, దానికి క్షణం తీరిక ఉండేది కాదు. తాడు కొంటే వాసన చూసేవాడు. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు ధాన్యం తీసి వాసన చూసేవాడు. నేను లాకులో కొత్తగా చేరిన రోజుల్లో రవాణా చీటీ రాసి ఇస్తే దాన్ని కూడా ముక్కు దగ్గర పెట్టుకుని, "సిరా ఇంకా పచ్చిగా ఉందండి. ఆరనివ్వండి, మనకేం తొందర," అని చీటీని అరుగు మీదే వదిలేసి, చుట్ట కాల్చుకుని వచ్చి అప్పుడు తీసుకున్నాడు. ఈలోగా వెనక పడవలవాళ్ళు ఆయన్ని తిట్టలేక నన్ను తిట్టారు.

ఆయన నోట రోజుకు ఎన్నిసార్లు వచ్చేదో చెప్పలేను గాని, ఆయన మాట ఒకటే. "ఇంకా ముదరాలండి."

ఆ ఇంట్లో కొత్త బియ్యం వండేవారు కారు. ఈ ఏడు పెట్టిన ఆవకాయ జాడీ వచ్చే ఏడు గాని విప్పేవారు కారు. చింతపండు తారులా నల్లబడాలి. పడవలకు కొన్న దుంగల్ని కాలవ బురదలో పాతిపెట్టి ఏళ్ళ తరబడి నాననిచ్చి, పైకి తీసి నీడన ఆరబెట్టి, ఆ తరువాతే వడ్రంగిని పిలిచేవాడు. పెద్ద కూతురి పెళ్ళయిన కొత్తలో అల్లుడు పలకరిస్తే ముక్తసరిగా తలూపి వెళ్ళిపోయేవాడు. ఏంటండీ అలా ముఖం చాటేస్తారు అని నేనడిగితే, "కుర్రాడు ఇంకా పచ్చిగా ఉన్నాడండి. నాలుగు వానలు తడవనివ్వండి, అప్పుడు మాట్లాడుకుంటాం," అన్నాడు. ఆయన భార్య నోరుగల మనిషి. "ఈయనకి పెళ్ళాం కూడా పాతబడ్డాకే కంటికి ఆనిందండి," అని వచ్చినవాళ్ళందరి ముందూ అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఇందులో ఆయన్ని వెక్కిరించడానికేం లేదు. మా డెల్టాలో అందరం అంతో ఇంతో అంతే. పెళ్ళి విందులో కొత్త బియ్యం వడ్డిస్తే మగపెళ్ళివారు అలుగుతారు. వైద్యుడు మందు చెప్పి, అనుపానానికి పాత బెల్లం ఉందా, పాత నెయ్యి ఉందా అని అడుగుతాడు. కాకపోతే మనకి అది ఒక అలవాటు. ఆయనకి మతం.

ఆ మతం ఎలా పట్టుకుందో సరంగు చెప్పేవాడు. సరంగు అంటే ఆసామి పడవల్లో పెద్ద పడవకు చుక్కాని పట్టే మనిషి. ఇద్దరిదీ సముద్రపొడ్డున ఒకే పల్లె, ఒకే కులం, ఒకే వలలో చేపలు పట్టి పెరిగినవాళ్ళు. కాలవలు తవ్వి ఊళ్ళలో సరుకు పెరిగి, పడవలకు గిరాకీ వచ్చిన రోజుల్లో ఇద్దరూ కలిసి ఒక పడవ కట్టించారు. తొందరపడి పచ్చి కర్రతో కట్టించారు. మొదటి ప్రయాణంలోనే చెక్కలు వంకర్లు పోయి నీళ్ళొచ్చేశాయి.

"నేను కన్నం మీద కూకున్నానండి," అనేవాడు సరంగు. "కడియం కాడ్నించి ధవళేశ్వరం దాకా లెగలేదండి. మా బావేమో నీళ్ళు తోడతా ఏడుపు. నాకేమో నవ్వు."

ఆ నవ్వినవాడు సరంగుగానే మిగిలిపోయాడు. ఏడ్చినవాడు పాత కర్ర కొనడం నేర్చుకుని పడవల ఆసామి అయ్యాడు. అయినా ఒకరినొకరు 'ఏరా బావా' అనే పిలుచుకునేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు ముచ్చటేసేది.

ఇక దొర సంగతి. మా కాలవలు చూసే ఇంజనీరు దొర స్కాట్లండు దేశస్థుడు. ఇంగ్లీషు దొరగారు అని ఎవరైనా పిలిస్తే మండిపడేవాడు. వానాకాలంలో కాలవ నిండుగా ఉన్న రోజున మా లాకు తలుపులు పరీక్ష చేస్తూ నాచు రాయి మీద కాలుజారి నీళ్ళలో పడ్డాడు. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క ఆసామి పడవ. నీటి ఒరవడి పడవని గోడ మీదికి నెడుతోంది. సరంగు ఆలోచించలేదు. దూకి, వీపు గోడకి ఆనించి, రెండు కాళ్ళతో పడవని తన్నిపట్టాడు. ఆసామి తాడు వేసి దొరని పైకి లాగాడు. సరంగు వీపు మీది చర్మం గోడకే అంటుకుపోయింది. నేను అరుగు మీద నిలబడి అదంతా కళ్ళారా చూశాను.

ఆ సాయంత్రం దొర ఇద్దరినీ బంగళాకు పిలిపించాడు. మిషను బడి ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కాబట్టి మాట అటూ ఇటూ తర్జుమా చెయ్యడానికి నన్నూ రమ్మన్నాడు. వాళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. గాజు గ్లాసులు వాళ్ళ చేతికివ్వడానికి బట్లరు మొహం చిట్లిస్తే దొర ఒక్క కేకేశాడు. తరువాత తనే లోపలికి వెళ్ళి ఒక సీసా తెచ్చాడు. తేనె రంగులో ఉంది లోపలిది. తలా ఇంత పోసి, చెంచాడు నీళ్ళు కలిపి, ఇలా కలిపితే వాసన విచ్చుకుంటుందని చెప్పాడు.

మా ఇంట్లో తాగే అలవాటు లేదు కాబట్టి నేను తాగలేదు. వాసన మాత్రం వరండా అంతా పట్టింది. ఎక్కడో తడి కట్టెలు కాలుతున్నట్టుంది.

సరంగు కల్లు తాగినట్టు ఒక్క గుక్కలో సగం లాగేశాడు. కళ్ళు పెద్దవి చేశాడు. మిగతా సగం మాత్రం నాలుక కొసతో అందుకుంటూ తాగాడు.

"ముందు పొగండి," అన్నాడు. "ఎనకాల ఉప్పండి. ఆకర్న తీపండి. ఎండుచేపల పాకలో కూకుని తేనె నాకినట్టుందండి."

నేను అది ఇంగ్లీషులో చెప్పేసరికి దొర పగలబడి నవ్వాడు. తన తండ్రి బతికుంటే ఈ మనిషిని కావలించుకునేవాడని అన్నాడు. ఎందుకంటే ఆ సరుకు వాళ్ళ ఇంటిదే. వాళ్ళది సముద్రం మధ్య చిన్న లంక. ఎప్పుడూ గాలీ వానా. వాళ్ళ తాత కొండగుహలో దొంగచాటుగా బట్టీ పెట్టి, సుంకం అధికారులొస్తే రాగి బానని గడ్డివాములో దాచేవాడట. తండ్రి నాటికి లైసెన్సు తీసుకుని ఒడ్డునే రాతి కట్టడం కట్టారు.

"అయితే దొరగారి తాతా, మా మావా ఒకే పని చేశారన్నమాట," అన్నాడు సరంగు. "మా మావ జైల్లో పోయాడండి."

అది మాత్రం నేను దొరకు చెప్పలేదు.

దొర చెబుతూనే ఉన్నాడు. బార్లీ గింజల్ని నానబెట్టి నేల మీద పరుస్తారు. మొలకలు వస్తుంటే చెక్క పారలతో రాత్రింబగళ్ళు తిరగేస్తారు. బురద నేలల్లోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన నల్లటి మట్టిపెళ్ళలు ఉంటాయి, మన పిడకల్లాగే మండుతాయి. ఆ పొగ మీద మొలకల్ని ఆరబెడతారు. సరంగు నాలుకకు తగిలిన పొగ అదే. మర పట్టి, వేడినీళ్ళు పోసి, తియ్యటి రసం తీసి, పులియబెట్టి, రాగి బానల్లో రెండుసార్లు కాస్తారు. నాలుగు బట్టీల సరుకు కలిపి అమ్మే వ్యాపారులు వేరే ఉన్నారట. తమది మాత్రం ఒకే బట్టీ, బార్లీ తప్ప వేరే గింజ ముట్టరు. ఆ కాచినది నీళ్ళలా తెల్లగా ఉంటుంది. దాన్ని ఓకు అనే చెట్టు చెక్కతో చేసిన పీపాల్లో పోస్తారు. ఆ పీపాల్లో అంతకుముందు ద్రాక్షసారా ఉండి ఉండాలి. సముద్రపుగాలి తగిలే గోదాములో, మట్టి నేల మీద, ఏళ్ళకేళ్ళు పడుకోబెడతారు. ఆ చెక్కలోంచే రంగూ రుచీ దిగుతాయి. ఏటా కొంత ఆవిరైపోతుంది. ఆ పోయినదాన్ని దేవదూతల వాటా అంటారట.

"మా కాడైతే దేవదూతలు వాటాతో ఆగరండి," అన్నాడు సరంగు. "పీపా కూడా నాకేత్తారు."

ఆసామి ఇంకా గ్లాసు పెదవికి ఆనించలేదు. ముక్కు గ్లాసులోనే ఉంది. కళ్ళు మూసుకున్నాడు.

"ఇది పాతదండి," అన్నాడు నాతో మెల్లగా. "చాలా పాతది. ఎన్నేళ్ళు ఉంచారో అడగండి."

పన్నెండేళ్ళని దొర చెప్పాడు. ఆసామి మొహం వెలిగింది. తన మతంవాడు ఏడు సముద్రాల అవతల ఒకడున్నాడని తెలిసిన మొహం అది. ఆ తరువాత ఒక్కొక్క చుక్క నాలుక మీద వేసుకుని తాగాడు.

మరుసటి ఏడు దొరకు బదిలీ అయింది. వెళ్ళేముందు లాకు దగ్గర పడవ ఆపించి, లక్కతో మూతికట్టిన సీసా ఒకటి తీసి, "ఇది మీ ఇద్దరికీ. కలిసి తాగండి," అని ఇచ్చాడు. ఇద్దరికీ అన్న మాట నా నోటితోనే తెలుగులో చెప్పాను.

సీసా ఎవరింట్లో ఉండాలన్న మాట వచ్చినప్పుడు సరంగే అన్నాడు. "నీ గాదెలో పెట్టు బావా. నాది తాటాకు పాక. నిప్పుకి పోకపోతే నా నోటికి పోద్ది."

అలా ఆ సీసా ఆసామి ఇంటి గాదెలోకి, పాత బియ్యం నడుమకు చేరింది. తాళంచెవి ఆయన మొలతాడుకి చేరింది. పన్నెండేళ్ళకే అంత రుచి వస్తే ఇరవై ఏళ్ళకు ఎంత రావాలి? ముప్ఫై ఏళ్ళకు? ఆయన లెక్క అది. బియ్యానికీ నేతికీ ఊరగాయకీ చెల్లిన లెక్క దీనికెందుకు చెల్లదు? అది తప్పని మాలో ఎవరికీ తట్టలేదు. తట్టే దారీ లేదు.

ఏటా ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. నీళ్ళు దిగిపోతాయి, పడవలు బురదలో కూర్చుంటాయి. పగుళ్ళలో పీచు కూరి నూనె పట్టించే పని తప్ప సరంగులకు పనుండదు. ఆ రోజుల్లో ఆసామి సీసా బయటికి తీసేవాడు. పంచె చెంగుతో తుడిచి, ఎండకేసి పట్టి, తిప్పి చూసేవాడు. లక్క దగ్గర ముక్కు పెట్టేవాడు.

"ఏరా బావా, ఈ యేడేనా?" అనేవాడు సరంగు పెరట్లోంచి.

"ఇంకా ముదరాలిరా."

"నేను ముదిరిపోతన్నాను మరి."

ఇద్దరూ నవ్వేవారు. మొదట్లో నేనూ నవ్వాను.

రానురాను ఆ సీసాకి పేరొచ్చింది. తాసీల్దారు వచ్చినా, మునసబులు వచ్చినా, ద్రాక్షారామం తీర్థానికి పోతూ పెద్ద రైతులు ఆగినా సీసా బయటికి రావలసిందే. వాళ్ళు వంతులవారీగా లక్కను వాసన చూసి, ఆహా అనేవారు. లక్కకి లక్క వాసన తప్ప ఏముంటుంది! సరంగుని పిలిచి దొర నీళ్ళలో పడ్డ కథ చెప్పించేవాడు ఆసామి. కొన్నేళ్ళకి కథ తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకొన్నేళ్ళకి ఆ కథలో నీళ్ళలోకి దూకినవాడు ఆసామి అయ్యాడు. తాడు వేసినవాడు సరంగు అయ్యాడు. అది మొదటిసారి విన్న రోజున నాకు ఒళ్ళు మండి సరంగు వంక చూశాను. అతను పడవ పగులులో పీచు కూరుతూ తల ఎత్తలేదు.

తరువాత నాతో అన్నాడు. "పోనివ్వండి గుమాత్తా గారు. బావకి అలా చెప్పుకుంటే సంబరం. నాకా చుక్క తాగితే సంబరం. ఎవడిది వాడిది."

అంతే అడిగాడు ఆ మనిషి. చుక్క.

అతనికి జబ్బు చేసింది కార్తీకంలో. కడుపుకి నీరు పట్టి, కాళ్ళు చేతులు పుల్లలైపోయాయి. వైద్యుడు పెదవి విరిచి వెళ్ళిపోయాడు. నేను చూడబోతే సరంగు భార్య గుమ్మంలో నిలబడి, "మీరైనా చెప్పండి బాబూ. అన్నయ్య గారి కాడున్న ఆ సీసాలోది చెంచాడు కావాలంటన్నాడు. ఇంకేం అడగట్లేదు," అంది. నేను ఆసామి ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన వెంటనే బయలుదేరాడు. చేతిలో మూతపెట్టిన చిన్న జాడీ ఉంది. నాకు ప్రాణం కుదుటపడింది.

జాడీలో ఉన్నది పాత నెయ్యి.

మంచం పక్కన చతికిలబడి, సరంగు చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఏడుస్తూనే ఉన్నాడు. ఆ ఏడుపు నటన కాదు. అదే నాకు ఈనాటికీ మింగుడుపడదు.

"ఇది తాతల నాటి నెయ్యిరా బావా. గోరువెచ్చగా పొట్టకు రాస్తారు, నీరు లాగేస్తది."

"అది తెచ్చావా?" అన్నాడు సరంగు.

"అదెక్కడికి పోద్దిరా? నీదే అది. నువ్వు లేచి తిరుగు. ఇంకో రెండేళ్ళు ఆగితే దివ్యంగా తయారవుద్ది. ఇద్దరం గట్టు మీద కూచుని తాగుదాం. ఇప్పుడు లక్క తీసేత్తే ఇన్నేళ్ళూ దాచిందంతా బూడిదలో పోసినట్టే గదరా."

నేను ఉండబట్టలేక, "ఆసామీ, ఒక్క చెంచాడండి," అన్నాను.

"తమరికి తెలవదండి," అన్నాడు నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా. "ఒకసారి గాలి తగిలితే ఇంక ముదరదండి."

సరంగు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అలాగే బావా," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ప్రాణం పోయింది. ఆసామి చేసిన కర్మకాండ గురించి మూడు ఊళ్ళు చెప్పుకున్నాయి. బావ పోతే ఇంత చేసినవాడు లేడన్నారు. ఆ తరువాత కూడా కాలవలు కట్టేసిన రోజుల్లో సీసా బయటికి వచ్చేది. "మా బావ పేరు మీద దాస్తున్నానండి," అని కొత్తగా ఒక మాట కలిసింది. నేను వెళ్ళడం మానేశాను. పిలిచినా పనుందనేవాణ్ణి.

మళ్ళీ ఆయన నా గుమ్మం తొక్కింది రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో. ఆయన పడవలు ఆ పనికి రాయి మోస్తున్నాయి. అక్కడొక దొర ఉన్నాడట, అతనిదీ స్కాట్లండేనట.

"సీసా తయారైందండి," అన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. పసిపిల్లాడికి మల్లే మొహం వెలిగిపోతోంది. "నా ముక్కు చెబుతోంది. అయినా వాళ్ళ దేశం మనిషి నోట వినాలండి, ఎంత గొప్పదైందో. తమరు వచ్చి మాట చెప్పాలి."

ఎందుకు వెళ్ళానంటే, నాకూ వినాలనిపించింది. ఒక మనిషి ఆఖరి కోరిక కంటే గొప్పదిగా ఆ సీసాలో ఏం తయారైందో తెలుసుకోవాలనిపించింది.

వంతెన దొర డేరాలో మమ్మల్ని కూర్చోబెట్టాడు. సీసా మీద అంటించిన కాగితం చదివి లేచి నిలబడ్డాడు. ఆ బట్టీ పేరు అతనికి తెలుసు. అది మూతపడిందట. కలిపి అమ్మే పెద్ద వ్యాపారులు కొనేసి, పని ఆపించి, రాగి బానలు ఊడదీసి తీసుకుపోయారట. పీపాలు పడుకున్న గోదాముల్లో ఇప్పుడు గొర్రెలు కడుతున్నారట. ఇది నేను చెబుతుంటే ఆసామి రెండు చేతులూ నలుపుకున్నాడు.

"చూశారా! ప్రపంచంలో ఇదొక్కటే మిగిలిందన్నమాట. ఇన్నేళ్ళు బియ్యంలో పెట్టి కాపాడానని చెప్పండి. ఎంత ముదిరి ఉంటదో అడగండి."

అడిగాను. దొర నవ్వాడు. వెక్కిరింత ఏమీ లేదు, తెలియని పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. నేను దాన్ని తెలుగులో ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్క ముక్క మెత్తబరచలేదు. ఆ రోజు అలా చెప్పినందుకు నేనెన్నడూ బాధపడలేదు.

"పీపాలో ఉన్నంతకాలమేనట దానికి వయసు. చెక్క ఉంటేనే ముదురుతుందట. గాజుసీసాలో పోసిన రోజున అక్కడితో ఆగిపోతుందట. నూరేళ్ళు ఉంచినా అంతేనట."

"కాదండి, సరిగా అడగండి," అన్నాడు.

మళ్ళీ అడిగాను. దొర మళ్ళీ అదే చెప్పాడు. సీసా చేతికిచ్చిన రోజున ఏ రుచి ఉందో ఇప్పుడూ అదే రుచి ఉంటుందన్నాడు.

 ఆసామి మొలతాడుకున్న చిన్న కత్తి తీసి తనే లక్క గీకాడు. లోపలి బిరడా పొడిపొడిగా రాలిపోయింది. దొర గుడ్డలో వడగట్టి గ్లాసుల్లో పోశాడు. డేరాలోకి తడి కట్టెల పొగ వాసన వచ్చింది. దొర ఒక గుటక వేసి కళ్ళు మూసుకున్నాడు.

ఆసామి ఈసారి వాసన చూడలేదు. నోట్లో పోసుకున్నాడు. పొగా, ఉప్పూ, తీపీ వరసగా వచ్చి ఉంటాయి. నేను ఆయన మొహమే చూస్తున్నాను. దవడ కొంచెం కదిలింది. అంతే, కదలడం మానేసింది.

"అదేనండి," అన్నాడు. "ఆ బంగళాలో తాగిందే. ఈసమెత్తు తేడా లేదు."

కాసేపటికి నా చెయ్యి పట్టుకున్నాడు. "గుమాస్తా గారూ, ఒక్కమాట అడగండి. కొంచెమైనా పాడైందేమో అడగండి. బిరడా చివికిపోయింది గదా. ఏ కాస్త చెడినా సరే, చెప్పమనండి."

నేను అడిగాను. దొర తల అడ్డంగా ఊపాడు. జన్మలో ఇంత మంచిది తాగలేదన్నాడు.

"ఏమీ పాడవలేదట," అన్నాను.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. మిగిలినదాన్ని సీసాలో పోయించి, గుడ్డతో మూతికట్టించి, చంకలో పెట్టుకుని లేచాడు.   ఇద్దరం ఎక్కాక పడవ, సరంగు పాక ఉన్న ఊరివైపు తిరిగింది.

సరంగు భార్య పాక ముందు ఎండుచేపలు గంపకెత్తుతోంది. ఆసామిని చూసి పైట సర్దుకుని పీట వేసింది. ఆయన కూర్చోలేదు. సీసా ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. డేరాలో విన్నదంతా చెప్పుకొచ్చాడు.  దాచడం వల్ల ఏమీ కలిసిరాలేదమ్మా అన్నాడు. ఆ రోజు తీసి ఇచ్చినా ఇదే రుచమ్మా అన్నాడు. ఇందులో వాడి వాటా ఉంది, నువ్వు తీసుకో అన్నాడు.

ఆమె సీసా వంక చూసింది. ముట్టుకోలేదు. ఏడవలేదు కూడా. గంప అంచు సరిచేస్తూ మామూలుగానే మాట్లాడింది.

"ఆ రోజు మీరెల్లిపోయాక, బావ అలాగే అంటాడే, మనసు ఆగదు, పొద్దున్నే పట్టుకొత్తాడు అన్నాడండి. నాలిక పిడచ కట్టుకుపోతంటే నేను నీళ్ళు పట్టానండి. ఒద్దన్నాడు. ఇప్పుడు నీళ్ళు తాగితే దాని రుచి తెలవదే అన్నాడు. తడిగుడ్డ కూడా పెట్టనియ్యలేదండి. మజ్జానం దాకా గుమ్మం వంకే చూత్తా ఉన్నాడు. తులసి తీర్తం పొయ్యబోతే పళ్ళు బిగబట్టేశాడండి. అలాగే పోయాడు, అన్నయ్య గారు."

ఆమె గంప నెత్తికెత్తుకుని సంతకు వెళ్ళిపోయింది. ఆసామి ఆ సీసా పక్కన నేల మీద కూలబడ్డాడు. పడవవాళ్ళొచ్చి రెక్కలు పట్టుకుని లేపేదాకా లేవలేదు.